ఇంట్లో కరెంటు సాకెట్ మార్చేటప్పుడు: మూడో రంధ్రంలో ఎర్త్ ఉందో లేదో చూసుకోండి

ఇరవై ఏళ్ల కిందట పల్లెటూరి ఇంట్లో సాకెట్‌కు పెద్దగా పని ఉండేది కాదు. ఒక టీవీ, ఒక టేబుల్ ఫ్యాను, అంతే. ఇప్పుడు అదే సాకెట్‌కు చలికాలం పొద్దున్నే నీళ్లు కాచే రాడ్డు, వంటింట్లో మిక్సీ, రైస్ కుక్కరు, సాయంత్రం బ్యాటరీ స్ప్రేయర్ ఛార్జరు, పాడి ఉన్న ఇంట్లో గడ్డి కత్తిరించే యంత్రం తగిలిస్తున్నాం. వైరింగ్ మాత్రం పాతదే. అందుకే సాకెట్లు నల్లబడటం, ప్లగ్గు వేడెక్కడం, పెట్టగానే చిటపటమనడం ఇంత ఎక్కువగా కనిపిస్తోంది.

కాలిపోయిన సాకెట్ తీసి కొత్తది బిగించడం పావుగంట పని. కష్టమంతా మరోచోట ఉంది. పాత ఇళ్లలో చాలా సాకెట్ల వెనక రెండే తీగలు ఉంటాయి. అక్కడ కొత్తగా మూడు రంధ్రాల సాకెట్ తెచ్చి ఆ రెండు తీగలే కలిపి మూత వేస్తే అన్నీ చక్కగా పనిచేస్తాయి. మిక్సీ తిరుగుతుంది, రాడ్డు కాగుతుంది. మూడో రంధ్రం ఖాళీ అని ఎవరికీ తెలియదు. రాడ్డులోనో మోటారులోనో కరెంటు లీకయిన రోజునే అది బయటపడుతుంది. సాకెట్ మార్చాలనుకునే రైతు ముందుగా తేల్చుకోవాల్సింది ఈ మూడో రంధ్రం సంగతే.

మీరు చేసుకోదగిన పని ఎంతవరకు?

మన దేశంలో విద్యుత్ భద్రతా నిబంధనల ప్రకారం ఇంటి వైరింగ్ పని, అంటే కొత్త లైను లాగడం, ఉన్న లైను పెంచడం, మార్చడం, లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు ద్వారానే జరగాలి. 250 వోల్టులు మించని ఇంటి సరఫరాలో బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ వంటి అమరికలను ఉన్నదాని స్థానంలో అలాంటిదే పెట్టి మార్చుకోవడానికి మాత్రం మినహాయింపు ఉంది. షరతు ఒక్కటే. ఆ మార్పు వల్ల లైను సామర్థ్యం గాని స్వభావం గాని మారకూడదు.

రైతు భాషలో చెప్పాలంటే, కాలిపోయిన 6 ఆంపియర్ల సాకెట్ తీసి మరో 6 ఆంపియర్లది పెట్టుకోవచ్చు. దాని స్థానంలో 16 ఆంపియర్లది పెట్టడం, సాకెట్ లేని చోటికి తీగ లాగడం, ఇంట్లోంచి కొట్టంలోకి లైను తీసుకెళ్లడం, ఎర్త్ గుంత తవ్వి కలపడం ఎలక్ట్రీషియన్ పనులు. మీటరు, దానికి ముందున్న సర్వీసు వైరు, స్తంభం జోలికి విద్యుత్ సిబ్బంది తప్ప ఎవరూ పోకూడదు. లైన్‌మన్ రావడం ఆలస్యమైందని ఊళ్లో కుర్రవాడిని స్తంభం ఎక్కించడం కొన్నిచోట్ల మామూలైపోయింది. దాన్ని మానుకోవాలి.

మూడు రంధ్రాలు, మూడు తీగలు

సాకెట్‌కు ఎదురుగా నిలబడి చూస్తే పైన పెద్ద రంధ్రం ఎర్త్. కింద కుడివైపుది ఫేజు, ఎడమవైపుది న్యూట్రల్. సాకెట్ వెనక స్క్రూల దగ్గర ఎల్, ఎన్, ఈ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఎల్ అంటే ఫేజు, ఎన్ అంటే న్యూట్రల్, ఈ అంటే ఎర్త్. వెనక నుంచి చూసేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి అక్షరం చూసే కలపాలి.

గోడ లోపలి తీగల్లో ఫేజు ఎరుపు, పసుపు లేదా నీలం, న్యూట్రల్ నలుపు, ఎర్త్ ఆకుపచ్చ లేదా ఆకుపచ్చ మీద పసుపు చార. పరికరంతో వచ్చే వైరులో ఫేజు గోధుమరంగు, న్యూట్రల్ నీలం. అంటే గోడలో ఫేజుగా ఉండే నీలం, ప్లగ్గు వైరులో న్యూట్రల్ అవుతుంది. ఈ ఒక్క తేడా వల్ల తప్పు కలిపినవారు చాలామంది ఉన్నారు. పైగా పాత ఇంట్లో ఏ రంగు తీగ దొరికితే అది వాడి ఉండవచ్చు. రంగును నమ్మి తీగను ముట్టుకోకూడదు.

ఫేజులో వచ్చిన కరెంటు పరికరంలో పనిచేసి న్యూట్రల్ గుండా తిరిగిపోతుంది. ఎర్త్ తీగలో మామూలుగా ఏమీ పారదు. గ్రైండరు లోపల తీగ ఒరుసుకుపోయి ఇనుప ఒంటికి తగిలినప్పుడు మాత్రమే దానికి పని పడుతుంది. అప్పుడు కరెంటు ఎర్త్ తీగ వెంట భూమిలోకి పోవాలి. ఆ దారి లేకపోతే గ్రైండరు మీద చెయ్యి వేసినవారి ఒంట్లోంచి పోతుంది. ప్లగ్గు పై పిన్ను మిగతా రెండింటికంటే పొడవుగా ఉండటానికి కారణం కూడా ఇదే. పెట్టేటప్పుడు ఎర్త్ ముందు తగలాలి, తీసేటప్పుడు చివర వదలాలి. కొందరు బిగుతుగా ఉందని ఆ పిన్నును రంపంతో కోసేస్తారు, లేదా ప్లగ్గే లేకుండా రెండు తీగలను రంధ్రాల్లో దోపి అగ్గిపుల్లలతో బిగిస్తారు. పొలం దగ్గర మోటార్లకు ఈ అగ్గిపుల్లల పద్ధతి ఇంకా కనిపిస్తూనే ఉంది. త్రీ పిన్ ప్లగ్గు ఖరీదు ఎంతని?

ఎర్త్ ఉందని ఎలా తెలుసుకోవాలి?

సాకెట్ మూత తీస్తే మూడో స్క్రూకు తీగ ఉందో లేదో కంటికే కనిపిస్తుంది. తీగ ఉన్నా అది భూమి దాకా పోయిందా అన్నది వేరే ప్రశ్న. గోడలో పచ్చ తీగ వేసి మెయిన్ బోర్డు దగ్గర దేనికీ కలపకుండా వదిలేసిన ఇళ్లు ఉన్నాయి. ఎర్త్ గుంత దగ్గర తీగ తుప్పుపట్టి తెగిపోయినవీ ఉన్నాయి.

ఎలక్ట్రికల్ దుకాణాల్లో ప్లగ్గు ఆకారంలో, మూడు చిన్న లైట్లతో సాకెట్ టెస్టర్ అని దొరుకుతుంది. సాకెట్‌లో పెట్టి స్విచ్ వేస్తే ఎర్త్ లేకపోయినా, ఫేజు న్యూట్రల్ తారుమారైనా ఏ లైట్లు వెలుగుతాయో దాని మీదే ముద్రించి ఉంటుంది. ఇంటివారు వాడుకోవడానికి ఇది మంచి సాధనం. అయితే ఎర్త్ ఎంత బలంగా ఉందో ఇది చెప్పదు. ఎర్త్ స్క్రూను న్యూట్రల్‌కు కలిపి మోసం చేసి ఉంటే దాన్ని కూడా సరిగ్గా ఉన్నట్టే చూపిస్తుంది.

బల్బు హోల్డరుకు రెండు తీగలు కట్టి ఒకటి ఫేజులో, ఒకటి ఎర్త్‌లో పెట్టి చూడటం ఊళ్లో అందరికీ తెలిసిన పద్ధతి. దాన్ని మీరు చేయకండి. ఎర్త్ తీగ మధ్యలో తెగి ఉంటే ఆ బల్బు గుండా పోయిన కరెంటు భూమిలోకి పోలేక, అదే ఎర్త్‌కు కలిసి ఉన్న ఫ్రిజ్, గ్రైండరు, వాషింగ్ మెషీన్ ఒంటి మీదకు వస్తుంది. మీరు బల్బు వంక చూస్తున్నప్పుడు వంటింట్లో ఎవరో ఫ్రిజ్ తలుపు పట్టుకుని ఉండవచ్చు.

సాకెట్‌లోనే ఎర్త్ స్క్రూకు, న్యూట్రల్ స్క్రూకు మధ్య చిన్న తీగ ముక్క వేయడం ఇంకా ప్రమాదకరం. ఎర్త్ తీగ లేని ఇళ్లలో ‘ఎర్త్ ఇచ్చేశాను’ అని కొందరు పనివారు చేసే పని ఇది. స్తంభం దగ్గర గాని, మెయిన్ దగ్గర గాని న్యూట్రల్ తెగిందంటే ఆ క్షణం నుంచి ఇంట్లోని ప్రతి ఇనుప పరికరం మీదా ఫేజు కరెంటు ఉంటుంది. ఏ పరికరమూ చెడిపోనక్కరలేదు. సాకెట్ విప్పినప్పుడు ఇలాంటి ముక్క కనిపిస్తే తీసేయించి, ఎర్త్ లైను వేయించుకోండి. నీళ్ల పైపుకు, బోరు కేసింగ్‌కు కలిపి ఎర్త్ అనుకోవడం కూడా తప్పే. ఒక్క ఫేజు తెచ్చుకుని, కేసింగ్‌ను న్యూట్రల్‌గా వాడి బల్బులు వెలిగించుకునే అలవాటు కొన్ని పొలాల్లో ఉంది. ఆ కేసింగ్‌ను, దాని దగ్గరి తడి నేలను తాకిన మనిషికీ పశువుకూ ప్రాణం మీదకు వస్తుంది.

ఎర్త్ గుంత ఒక్కటీ ఎందుకు చాలదు?

ఇంటికి పైపు ఎర్త్ వేయించేటప్పుడు సాధారణంగా రెండున్నర మీటర్ల పొడవున్న గాల్వనైజ్డ్ పైపును నిలువుగా దింపి చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా నింపుతారు. గోడకు కనీసం మీటరున్నర దూరంలో, తేమ నిలిచే చోట ఉండాలి. వేసవిలో నీళ్లు పోయాలి. బావి గట్టు పక్కనో, స్నానాల గది నీళ్లు పారే చోటో అయితే మంచిది.

మన నేలల్లో మే నెల వచ్చేసరికి ఆ గుంత ఎండిపోతుంది. ఎండిన గుంత నిరోధం 50 ఓములు ఉందనుకోండి. 230 వోల్టులను 50తో భాగిస్తే వచ్చేది 4.6 ఆంపియర్లు. మోటారు ఒంటికి ఫేజు తగిలినా భూమిలోకి పోయేది అంతే. 16 ఆంపియర్ల ఎంసీబీ గాని, పింగాణీ ఫ్యూజు గాని దీనికి కదలవు. ఎర్త్ ఉండి కూడా మోటారు ఒళ్లు కరెంటుతోనే ఉంటుంది. ఇక ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు రాగి తీగ చుట్టిన ఇంట్లో చెప్పేదేముంది.

అందుకే ఆర్‌సీసీబీ అనే పరికరం మెయిన్ బోర్డులో పెట్టించుకోవాలి. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని ఇది ఎప్పుడూ చూస్తూ ఉంటుంది. ఎక్కడైనా కొంత భూమిలోకి జారితే కన్నుమూసి తెరిచేలోపు సరఫరా ఆపేస్తుంది. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్లది అడగాలి. 100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడా దుకాణంలో ఉంటాయి. మనుషుల ప్రాణ రక్షణకు అవి సరిపోవు. దాని మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడాలి. నొక్కినా పడిపోకపోతే మార్చాలి.

ఆర్‌సీసీబీ పెట్టగానే మాటిమాటికీ పడిపోతోందని తీసి నేరుగా కలిపేయించుకున్నవారు ఉన్నారు. అది పడిపోతోందంటే ఇంట్లో ఎక్కడో లీకు ఉందని అర్థం. ఒక్కో పరికరం ప్లగ్గు తీస్తూ చూస్తే ఏదో తెలిసిపోతుంది. అన్నీ తీసినా పడిపోతే గోడలోని తీగల్లో ఉంది. ఇది ఎంసీబీకి బదులు కాదు, రెండూ ఉండాలి. ఒక చేత్తో ఫేజును, ఒక చేత్తో న్యూట్రల్‌ను పట్టుకున్నవారిని ఇది కాపాడలేదని కూడా తెలుసుకోవాలి. సాకెట్ ఒక్కటే మార్చడానికి డబ్బుందా, ఆర్‌సీసీబీ కూడా పెట్టించాలా అని ఆలోచిస్తే, ముందు ఆర్‌సీసీబీయే పెట్టించమని మా సలహా.

కరెంటు నిజంగా ఆగిందా?

సాకెట్ పక్కనున్న స్విచ్ ఆపితే చాలదు. ‘కరెంటు పోయింది కదా, ఈలోపు బిగించేద్దాం’ అనుకోవడం అంతకంటే ప్రమాదం. పోయిన కరెంటు ఏ నిమిషాన వస్తుందో ఎవరికీ తెలియదు.

మెయిన్ స్విచ్ ఆపండి. పింగాణీ ఫ్యూజు అయితే గ్రిప్పు ఊడదీసి జేబులో వేసుకోండి. మీరు పని చేస్తున్నారని తెలియక ఇంట్లో ఎవరో మెయిన్ వేయడం వల్ల జరిగే ప్రమాదాలు ఇలా ఆగుతాయి. ఎంసీబీ అయితే దాని మీద టేపు అంటించి, ఇంట్లో అందరికీ చెప్పి, వీలైతే ఒకరిని అక్కడే నిలబెట్టండి. ఇన్వర్టరు ఉంటే దాన్నీ ఆపాలి. మెయిన్ ఆపినా ఇన్వర్టరు లైను మీద ఉన్న సాకెట్లలో 230 వోల్టులు ఉంటూనే ఉంటాయి.

పల్లెల్లో మరో చిక్కు ఉంది. గాలివానకు సర్వీసు వైరు తెగి మళ్లీ కలిపినప్పుడు, మీటరు మార్చినప్పుడు ఫేజు, న్యూట్రల్ తారుమారు కావచ్చు. పాత మెయిన్‌లు చాలావరకు ఒక్క తీగనే తెంపుతాయి. తారుమారైన ఇంట్లో ఆ మెయిన్ ఆపితే తెగేది న్యూట్రల్. ఫేజు సాకెట్ దాకా వచ్చి కూర్చునే ఉంటుంది. లైట్లన్నీ ఆరిపోతాయి కాబట్టి అంతా ఆగిందనే అనుకుంటాం. రెండు తీగలనూ ఒకేసారి తెంపే డబుల్ పోల్ మెయిన్ ఉంటే ఈ బెడద లేదు. లేనివారు ఆర్‌సీసీబీతో పాటు దాన్నీ పెట్టించుకోవడం మంచిది.

మెయిన్ ఆపకముందే టెస్టర్‌ను కరెంటు ఉన్న సాకెట్‌లో పెట్టి అది వెలుగుతోందో లేదో చూడండి. మెయిన్ ఆపిన తర్వాత బోర్డు మూత విప్పి, లోపలి ప్రతి తీగకూ, ప్రతి స్క్రూకూ టెస్టర్ ఆనించి చూడండి. నలుపు, ఆకుపచ్చ తీగలను కూడా వదలకూడదు. ఎక్కడ వెలిగినా ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పని ఆఖర్లో టెస్టర్‌ను మళ్లీ కరెంటున్న చోట పెట్టి చూడండి. మధ్యలో అదే పాడైపోయి ఉంటే అది వెలగకపోవడానికి అర్థం లేదు.

సాకెట్ విప్పి బిగించడం

కాళ్లకు పొడి చెప్పులు ఉండాలి. పొలం నుంచి వచ్చిన తడి చేతులతో, తడి నేల మీద నిలబడి ఈ పని పెట్టుకోకండి. పగటి వెలుతురులో చేయండి. పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉన్న స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరు, తీగ తొక్క తీసే స్ట్రిప్పరు, టెస్టరు చాలు. తీగ తొక్కను పళ్లతో లాగే అలవాటు మానండి, పళ్లకూ మంచిది కాదు, లోపలి రాగి పోగులు తెగి తీగ సన్నబడుతుంది.

కొత్త సాకెట్ ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 1293 అనే అంకె చూసి కొనండి. తీగ అయితే ఐఎస్ 694. చిన్న పిల్లలున్న ఇంటికి షట్టర్ ఉన్న సాకెట్ తీసుకోవాలి. ప్లగ్గు ఎర్త్ పిన్ను దూరితేనే దాని కింది రెండు రంధ్రాలూ తెరుచుకుంటాయి.

పాత సాకెట్ తీగలు విప్పకముందు సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోండి. ఒక స్క్రూ కిందే రెండు తీగలు ఉంటే, అందులో ఒకటి ఇక్కడి నుంచి మరో సాకెట్‌కు పోతోందని అర్థం. రెండింటినీ తిరిగి అదే స్క్రూకు కలపాలి, లేకపోతే పక్క గదిలో కరెంటు రాదు. స్విచ్ నుంచి వచ్చిన తీగే సాకెట్ ఎల్ స్క్రూకు రావాలి. స్విచ్ ఎప్పుడూ ఫేజు మీదే ఉండాలి గాని న్యూట్రల్ మీద కాదు.

తీగ చివర నల్లబడి, తొక్క గట్టిపడి పెళుసుగా ఉంటే అంతవరకు కోసేసి కొత్తగా ఒలవాలి. స్క్రూ రంధ్రంలో పట్టేంత, సుమారు ఒక సెంటీమీటరు ఒలిస్తే చాలు. పోగులను గట్టిగా మెలివేసి, తీగ సన్నగా ఉంటే రెండుగా మడిచి దోపాలి. ఒక్క పోగు కూడా బయటికి పొడుచుకు రాకూడదు. స్క్రూ బిగించాక తీగను పట్టుకుని కాస్త లాగి చూడండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. సాకెట్లు కాలిపోవడానికి ఎక్కువసార్లు కారణం కరెంటు ఎక్కువ కావడం కాదు, స్క్రూ వదులుగా ఉండటమే. వదులు జాయింటు దగ్గర వేడి పుడుతుంది, ఆ వేడికి జాయింటు మరింత వదులవుతుంది. ఎర్త్ తీగను మిగతా రెండింటికంటే కొంచెం పొడవుగా ఉంచండి. ఎప్పుడైనా సాకెట్ ఊడి వేలాడితే ఆ తీగ చివరగా తెగాలి.

పాత ఇంట్లో తీగలు తెల్లగా మెరిసే అల్యూమినియంవి అయితే, సాకెట్ మార్చినంత మాత్రాన ఉపయోగం లేదు. అల్యూమినియం మీద పొర కడుతుంది, స్క్రూ కింద నలిగి వదులవుతుంది, రాగి తీగతో మెలివేస్తే ఆ జాయింటు ఇంకా త్వరగా పాడవుతుంది. కొత్త సాకెట్ కూడా ఆరు నెలల్లో అదే దారి పడుతుంది. లైను మార్పించాల్సిందే.

మూత బిగించి మెయిన్ వేశాక, ఏ పరికరమూ పెట్టకుండా సాకెట్ టెస్టర్‌తో చూడండి. షట్టర్ లేని సాకెట్ అయితే మామూలు టెస్టర్ సరిపోతుంది. స్విచ్ వేస్తే కుడి రంధ్రంలో మాత్రమే వెలగాలి, ఆపితే ఎక్కడా వెలగకూడదు. ఎడమ రంధ్రంలో వెలిగితే ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయి. ఇంట్లో లైట్లు వెలగకుండా, రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలుగుతుంటే న్యూట్రల్ ఎక్కడో తెగింది. పై రంధ్రంలో వెలిగితే మాత్రం వెంటనే మెయిన్ ఆపండి, ఎర్త్ తీగలోకే కరెంటు వచ్చింది.

6 ఆంపియర్లా, 16 ఆంపియర్లా?

వాట్లను 230తో భాగిస్తే పరికరం ఎన్ని ఆంపియర్లు లాగుతుందో తెలుస్తుంది. 750 వాట్ల మిక్సీ 3.3 ఆంపియర్లు, 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 4.3. ఇవి చిన్న సాకెట్‌లో పెట్టవచ్చు. 1500 వాట్ల నీళ్లు కాచే రాడ్డు 6.5 ఆంపియర్లు లాగుతుంది, అంటే చిన్న సాకెట్ హద్దు దాటింది. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి 8.7. రాడ్డుకు వచ్చే పెద్ద ప్లగ్గును మార్పిడి ప్లగ్గుతో చిన్న సాకెట్‌లో దూర్చడం వల్లే చలికాలంలో ఇన్ని సాకెట్లు మాడిపోతున్నాయి.

మోటార్లకు ఈ లెక్క సరిపోదు. గడ్డి కత్తిరించే యంత్రానికి ఉండే 2 హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు నడిచేటప్పుడు సుమారు 11 ఆంపియర్లు, మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, విడిగా ఒక ఎంసీబీ ఉండాలి. పెద్ద సాకెట్ బిగించి వెనక సన్నటి లైట్ల తీగే ఉంచితే, ఈసారి మాడేది సాకెట్ కాదు, గోడలో కనిపించని తీగ. అందుకే ఈ మార్పును నిబంధనలు ఎలక్ట్రీషియన్‌కు వదిలాయి.

ఎక్స్‌టెన్షన్ బోర్డు కొనేటప్పుడు దాని వైరు కోసి చూడలేం గాని, తక్కువ ధరవాటిలో మూడు రంధ్రాలుండి లోపల రెండే తీగలున్నవి చాలా వస్తున్నాయి. గోడ సాకెట్‌లో ఎంత మంచి ఎర్త్ ఉన్నా అక్కడితో ఆగిపోతుంది. దాని ప్లగ్గుకు రెండు పిన్నులే ఉంటే కొనకండి. సాకెట్ టెస్టర్ దగ్గరుంటే ఎక్స్‌టెన్షన్ బోర్డును కూడా పరీక్షించవచ్చు.

రాడ్డు గురించి ఇంకో మాట. ఎర్త్ ఉన్నా, ఆర్‌సీసీబీ ఉన్నా, నీళ్లు కాగాయా అని వేలు పెట్టి చూసేముందు స్విచ్ ఆపి, ప్లగ్గు పూర్తిగా పీకాలి. ప్లాస్టిక్ బకెట్ కాబట్టి ఫరవాలేదనుకోకూడదు, కరెంటు నీళ్లలో ఉంటుంది.

పశువుల కొట్టంలో

కొట్టంలో సాకెట్ ఇంట్లో సాకెట్ కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరం. నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. మూత్రం నుంచి వచ్చే అమోనియా ఇత్తడి, రాగి భాగాలను తినేస్తుంది. ఎలుకలు తీగలు కొరుకుతాయి. పశువులు మనుషులు తట్టుకునే కరెంటును కూడా తట్టుకోలేవు. నాలుగు కాళ్లూ తడి నేల మీద, గిట్టలకు చెప్పులు లేవు. లీకయిన చోట నేల మీద ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య వోల్టేజి తేడా ఏర్పడితే కరెంటు గుండె మీదుగా పోతుంది. పాలు పితికేటప్పుడు గేదె కారణం లేకుండా తన్నడం, తొట్టి దగ్గరకు వచ్చి నీళ్లు తాగకుండా వెనక్కి పోవడం గమనిస్తే, దాన్ని మొండితనం అనుకోకముందు తొట్టికీ ఇనుప గొట్టానికీ కరెంటు వస్తోందేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

కొట్టంలో సాకెట్‌ను పశువు మూతికి, కొమ్ముకు, తోకకు అందనంత ఎత్తులో, మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో, జల్లు కొట్టని గోడకు పెట్టించాలి. తీగలు పైపులో పోవాలి. ఇనుప స్తంభాలకు, రేకులకు తీగను చుట్టి తీసుకెళ్లకూడదు. రేకు అంచు తీగ తొక్కను కోస్తే కొట్టమంతా కరెంటే. కొట్టం లైనుకు విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే, అక్కడ లీకయినప్పుడు ఇంట్లో కరెంటు పోదు, తప్పెక్కడుందో వెంటనే తెలుస్తుంది. కడిగేటప్పుడు ముందు కొట్టం లైను ఆపండి.

వరద నీరు ఇంట్లోకి వచ్చినప్పుడు

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడు వేల ఇళ్లలో స్విచ్ బోర్డులు మునిగాయి. నీళ్లు తీశాక గోడ పైకి ఆరినట్టే కనిపిస్తుంది, సాకెట్ లోపల మాత్రం బురద, తేమ ఉంటాయి. మునిగిన సాకెట్లను, స్విచ్‌లను, ఎంసీబీలను, ఆర్‌సీసీబీని ఎండబెట్టి వాడకండి, మార్చాల్సిందే. ఎలక్ట్రీషియన్ తీగలను పరీక్షించి సరే అనేదాకా మెయిన్ వేయకూడదు. మెయిన్ ఆపడానికి నీళ్లలో నడిచి వెళ్లాల్సి వస్తే వెళ్లవద్దు, 1912కు ఫోన్ చేసి స్తంభం దగ్గరే సరఫరా ఆపించండి. ఏపీలోనూ తెలంగాణలోనూ విద్యుత్ ఫిర్యాదులకు ఇదే నంబరు.

ఎవరికైనా షాక్ కొడితే

ముందు మెయిన్ ఆపండి. మనిషిని పట్టుకుని లాగితే మీరూ అంటుకుపోతారు. మెయిన్ దూరంగా ఉంటే పొడిగా ఉన్న చెక్క మీద నిలబడి, పొడి కర్రతో తీగను గాని మనిషి చేతిని గాని పక్కకు నెట్టాలి. ఇది ఇంటి కరెంటుకు మాత్రమే. పొలంలో 11 కేవీ తీగ తెగి పడితే కర్ర కూడా కాపాడదు, దూరంగా ఉండి సరఫరా ఆపించాలి.

మనిషి పలకకుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉంటే ఒకరు 108కు ఫోన్ చేస్తుండగా మరొకరు ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో ఒక అరచేతి మడమ పెట్టి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. ఇసుకలో పాతిపెట్టడం, నీళ్లు తాగించడం చేయకండి. షాక్ కొట్టి లేచి కూర్చున్నవారికి కూడా గుండె లయ తర్వాత తప్పవచ్చు కాబట్టి, బాగానే ఉన్నా ఆసుపత్రిలో చూపించాలి. షాక్ కొట్టిన పరికరాన్ని, ఆ సాకెట్‌ను ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఎవరూ వాడకుండా ప్లగ్గు పీకి, స్విచ్ మీద టేపు వేయండి.